పన్నుల చట్టంలో ఎల్‌ఎల్‌ఎం చేసి శ్రీకాకుళంలో కూర్చుంటే పనుంటుందా?

నాగావళి గట్టు:
శ్రీకాకుళం కోర్టులో నాలుగేళ్లుగా జూనియర్‌ని. పంపకాల దావాలు, ఇంజంక్షన్లు, ఇదే పని. టాక్సేషన్‌లో ఎల్‌ఎల్‌ఎం (లా పీజీ) చేసి, కుటుంబాలకు ఆస్తి ఎవరికెలా చేరాలో ముందే చూసిపెట్టే ఎస్టేట్ ప్లానింగ్ ఇక్కడే మొదలుపెడదామని ఉంది. మా సీనియర్ గారు నవ్వేశారు. "చనిపోయినవాళ్ల ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది కదా, ఇంక దేన్ని ప్లాన్ చేస్తావోయ్?" అన్నారు. మీరేమంటారు?

గంటస్తంభం:
మీ సీనియర్ మాటే నా మాట. ఎస్టేట్ డ్యూటీ తర్వాత 1998లో గిఫ్ట్ టాక్స్, 2015 బడ్జెట్‌తో వెల్త్ టాక్స్ కూడా పోయాయి. వ్యవసాయ ఆదాయం మీద ఇన్‌కం టాక్సే లేదు. మన విజయనగరం, శ్రీకాకుళంలో ఆస్తంటే పొలమే కదా! రిటర్నులు ఆడిటర్లు వేస్తారు, దస్తావేజులు లేఖర్లు రాస్తారు. మధ్యలో నీకు మిగిలేదేముంది? పైగా ప్రాక్టీసుకి ఎల్‌ఎల్‌బీ చాలు.

జీడితోట:
లేఖరిని నమ్ముకుని మా ఇంట్లో ఏమైందో చెప్తాను. పలాసలో ఇంటి స్థలం ఒకటి మా పెదనాన్న ఎప్పుడో నా పేర రాశారు. రిటైరయ్యాక అక్కడే ఇల్లు కట్టుకుంటానన్నారు. మీదే కదా అని దాన దస్తావేజు రాయించి తిరిగిచ్చేశాను. తర్వాత ఆయనకి ఇన్‌కం టాక్స్ నోటీసు! పెదనాన్న నాకిస్తే బంధువు ఇచ్చినట్టే, పన్ను లేదు. అదే నేను ఆయనకిస్తే ఆ చట్టం లెక్కలో నేను బంధువుని కాను. స్థలం విలువ 50,000 దాటితే మొత్తం విలువ ఆయన ఆదాయం కిందికే వస్తుంది. వీలునామాతో వచ్చేదానికైతే, ఎవరు రాసినా ఈ గొడవ లేదు. ఆ పెద్దాయన టెన్షన్ పడుతుంటే నాకు మొహం చెల్లలేదు.

గంటస్తంభం:
ఆడిటర్‌ని అడిగితే పది నిమిషాల్లో చెప్పేవాడు. దానికి ఎల్‌ఎల్‌ఎం ఎందుకు?

జీడితోట:
అడగాలని తెలిస్తే కదండీ అడిగేది.

బొబ్బిలి టు బోస్టన్:
పొలమే ఆస్తి అన్న మాట పాతబడింది. ఇక్కడ అమెరికాలో పదేళ్లు పనిచేసి ఊరికి తిరిగొచ్చినవాళ్ల పేర అమెరికా కంపెనీల షేర్లు ఉంటున్నాయి. ఇక్కడి పౌరుడు కాకుండా, ఇక్కడ స్థిరనివాసం లేకుండా మనిషి పోతే, 60,000 డాలర్లు దాటిన షేర్ల మీద 40 శాతం దాకా ఎస్టేట్ టాక్స్ పడొచ్చు. మనకి 1985లో పోయినా వీళ్లకి పోలేదు! ఆ సలహా ఇక్కడి లాయరే ఇవ్వాలి, కానీ ఇలాంటిదొకటుందని పసిగట్టే మనిషి ఊళ్లో కావాలి. ఎల్‌ఎల్‌ఎంకి ఇటే వచ్చేద్దామనుకుంటే మాత్రం ఒక జాగ్రత్త. అన్నీ పన్నుల సబ్జెక్టులే తీసుకుంటే అక్కడ లాయరు కావడానికి రాసే న్యూయార్క్ బార్ పరీక్షకి అర్హత రాదు.

చంపావతి:
నేను ఏడాది ఎల్‌ఎల్‌ఎం చేశాను, యూజీసీ 2013లో వీలు కల్పించిన కోర్సు. జీఎస్టీ, రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందాలు బాగా చెప్పారు. ఒక్క వీలునామా కూడా రాయించలేదు. వారసత్వం మరో బ్రాంచి అట! నా ప్రాక్టీసులో మాత్రం రెండూ ఎప్పుడూ విడిగా రాలేదు.

ఇంకోటి. మన దగ్గర కుటుంబాలు కూలేది పన్ను దగ్గర కాదు. 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కు వచ్చింది, అప్పటికి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా 'ఆడపిల్లకి పెళ్లిలో ఇచ్చేశాం' అనే మాటతోనే నా ఆఫీసు మెట్లెక్కుతారు. తల్లిదండ్రుల సంగతి ఇంకా ఘోరం. ఉన్నదంతా కొడుక్కి సెటిల్మెంట్ రాసేసి, అన్నం పెట్టట్లేదని వస్తారు. 2007 వృద్ధుల చట్టం కింద దాన్ని రద్దు చేయించవచ్చు, కానీ పోషించాలనే షరతు మీదే ఇచ్చామని చూపించాలి. దస్తావేజులో ఆ వాక్యమే ఉండదు. ఫీజు తీసుకుని నేను చేసే ప్లానింగ్‌లో సగం ఆ వాక్యమే.

గంటస్తంభం:
అయితే డిగ్రీ దండగనే కదా మీరూ అంటున్నది?

చంపావతి:
కాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం. 1961 చట్టం సెక్షన్లు నోటికొచ్చినవాళ్లం కూడా నంబర్లు వెతుక్కోవాల్సిందే. జూనియర్‌కి ఇంతకన్నా మంచి అదను రాదు. చదవమనే అంటాను, కానీ సీనియర్‌ని వదిలి కాదు.

నాగావళి గట్టు:
ఎల్‌ఎల్‌ఎం ప్రవేశ పరీక్ష పీజీఎల్‌సెట్ రాస్తాను, సీనియర్‌తో మాట్లాడి చూస్తాను. ఈలోగా ఒక సాయం. రణస్థలం వైపు నుంచి ఒక పెద్దావిడ వస్తున్నారు, కొడుక్కి సెటిల్మెంట్ రాయాలట. చంపావతి గారూ, ఆ షరతు వాక్యం నమూనా ఉంటే పంపుతారా?

చంపావతి:
ఇప్పుడే పంపను తమ్ముడూ. ముందు కొడుకుని బయట కూర్చోబెట్టి ఆవిడతో అరగంట మాట్లాడు. బతికున్నన్నాళ్లూ అనుభవించే హక్కు ఉంచుకుంటారా, అసలు వీలునామాతో సరిపోతుందా అని అడుగు. ఆవిడ ఏమన్నారో ఇక్కడ రాయి, అప్పుడు చూద్దాం.