అడెలీన్ రావూ బొమ్మ: పోలిక లేకపోతే పోర్ట్రెయిట్ ఎలా అవుతుంది?

నల్లమల: 1890 జూన్‌లో చిత్రకారుడు వాన్‌గో ఫ్రాన్స్‌లోని ఓవేర్ ఊళ్లో తను దిగిన సత్రం యజమాని కూతురు అడెలీన్ బొమ్మ వేశాడు. ఆ పిల్లకి 13 ఏళ్లు. బొమ్మలో ముప్ఫై దాటినట్టుంది. తనకి నచ్చలేదని, తన పోలికే లేదని పెద్దయ్యాక ఆవిడే చెప్పింది. మరి మనకెందుకండీ ఈ చప్పట్లు?

కుంచెపని: పోలిక కావాలంటే ఫొటో దిగాలి. నీలం గౌను, జుట్టుకి నీలం రిబ్బన్, వెనకా నీలమే. అందులోంచి మనిషిని విడిగా తేల్చడం ఎంత కష్టమో రంగు కలిపినవాడికి తెలుస్తుంది.

నల్లమల: నేను వయసు అడుగుతుంటే మీరు రంగు చెప్తారేంటి? తమ్ముడికి రాసిన ఉత్తరంలో ‘పదహారేళ్లుంటాయేమో’ అన్నాడు. ఒకే ఇంట్లో ఉంటూ ఆమాత్రం తెలియదా?

చాయ్‌బిస్కట్: పదమూడో పదహారో గానీ, అచ్చం మా హాస్టల్ వార్డెనే.

కుంచెపని: ఆవిడ చెప్పింది పూర్తిగా చదవండి. ఆ పిల్ల ముందుముందు ఎలా అవుతుందో వాన్‌గో అప్పుడే చూశాడని తర్వాత ఒకాయన అన్నాడట. అదీ ఆవిడే చెప్పింది.

నల్లమల: చూశారా, ఎవరో అంటే చెల్లుతుంది, కూర్చున్న మనిషి అంటే చెల్లదు! మా అక్క పెళ్లిచూపులకి పంపిన ఫొటోలో స్టూడియోవాడు రంగు తేల్చి, బుగ్గ మీద మచ్చ తీసేశాడు. వచ్చినవాళ్లు ఫొటో వంక, అక్క వంక మార్చి మార్చి చూశారు. అక్క కాఫీల పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

కుంచెపని: స్టూడియోవాడికీ వాన్‌గోకీ పోలికా? ఆయన ఆ బొమ్మ ఆ పిల్లకే ఇచ్చేసి, తమ్ముడి కోసం ఇంకోటి వేశాడు.

గోదారిగట్టు: ఆ ఇంటివాళ్లు తర్వాత దాన్నీ ఇంకో బొమ్మనీ కలిపి 40 ఫ్రాంకులకి అమ్మేశారు లెండి.

కుంచెపని: అమ్ముతారు మరి! పదేళ్లుగా బొమ్మలు వేసి బతుకుతున్నాను. పోయిన నెల ఒకాయన ‘మా అమ్మాయి ఇంత నలుపు కాదు’ అని సగం డబ్బులు ఎగ్గొట్టాడు. మీకు బొమ్మ అక్కర్లేదు, మెప్పు కావాలి.

నల్లమల: తెల్లగా వెయ్యమని నేనెక్కడన్నాను? మచ్చ ఉంచమంటున్నాను. ముఖం ఎవరిదో వాళ్లని ఒక్క మాట అడగమంటున్నాను. వాన్‌గో పైపు పీలుస్తూ ఒక్క పూటలో వేసేశాడట, వేస్తున్నంతసేపూ ఆ పిల్లతో పలకనేలేదట.

కుంచెపని: అడుగుతూ కూర్చుంటే ఏ బొమ్మా పూర్తికాదు.

నల్లమల: అయితే కానక్కర్లేదు.

చాయ్‌బిస్కట్: ఇంతకీ అక్కకి సంబంధం కుదిరిందా?

నల్లమల: కుదిరింది. ఈసారి ఫొటో పంపలేదు.