“కరెంటు పెట్టించారు” అనడం తప్పా?

నిన్న ఒకరు అడిగారు: క్యాన్సర్‌కి రేడియేషన్ ఇస్తే మనవాళ్లు “కరెంటు పెట్టించారు” అంటారెందుకు, “కిరణ చికిత్స” అనాలి కదా అని. ఈ మాట నాకు ఇంట్లోనే పరిచయం. చాలా ఏళ్ల కిందట మా పెద్దమ్మకి 25 రోజులు పెట్టారు. మొదటిరోజు ఆవిడ అడిగింది ఒక్కటే: “మధ్యలో కరెంటు పోతే ఎలా రా?” మేం నవ్వేశాం.

అప్పుడు ఆ మిషన్‌లో ఉన్నది కోబాల్ట్-60, అంటే కోబాల్ట్ అనే లోహంలో ఒక రకం. భూమిలో దొరికే కోబాల్ట్ అంతా 59వ రకం, దానికి రేడియేషన్ ఉండదు. అణు రియాక్టర్‌లో పెడితే ఒక న్యూట్రాన్‌ను మింగి 60 అవుతుంది. ఇక ఊరుకోదు, నికెల్‌గా మారిపోతూ గామా కిరణాలు వదులుతూనే ఉంటుంది. ఏ స్విచ్ కట్టేసినా ఆగదు. మిషన్ ఆపడమంటే ఆ ముక్కను మందపాటి కవచం చాటుకు లాగేయడమే. కరెంటు పోతే దానంతటదే లోపలికి పోయేలా ఏర్పాటు ఉంటుంది. 5.27 ఏళ్లకు దాని బలం సగమవుతుంది, అంటే నెలకు ఒక శాతం పైచిలుకు తగ్గుతుంది. అందుకే అదే మోతాదుకు బల్ల మీద పడుకోబెట్టే సమయాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోతారు.

కాబట్టి “కరెంటు” అక్షరాలా తప్పే. కానీ క్రియ చూడండి. ఎక్స్‌రే తీస్తారు, సెలైన్ ఎక్కిస్తారు, కరెంటు మాత్రం పెడతారు. వాత పెట్టడం, కాపడం పెట్టడం లాగా! పెద్దమ్మకి మూడోవారం కల్లా అక్కడి చర్మం కమిలి నల్లబడింది. ఒంటి మీద ఒకచోట కనపడని వేడి తగిలించడానికి అంతకంటే దగ్గరి క్రియ నాకు తట్టడం లేదు. ఇది నా ఊహే, కాదనేవాళ్లు చెప్పండి.

అసలు “కోబాల్ట్” మాత్రం సరైన పేరా? జర్మనీ గనుల్లో వెండి ఖనిజమనుకుని ఏదో రాయిని కొలిమిలో వేస్తే వెండి రాలేదు, విషపు పొగ వచ్చింది. గనుల్లో తిరిగే ‘కోబోల్డ్’ అనే దయ్యం పనేనన్నారు. ఆ విషం రాయిలో కలిసున్న ఆర్సెనిక్‌ది, నింద మోసింది కోబాల్ట్. 1730లలో స్వీడన్‌వాడు బ్రాంట్ ఇది కొత్త లోహమని తేల్చాక కూడా దయ్యం పేరే ఖాయమైంది. నికెల్ పేరు వెనకా ఇలాంటి కొంటె దయ్యమే ఉంది. అంటే కోబాల్ట్-60 ఒక దయ్యం నుంచి ఇంకో దయ్యంగా మారుతోందన్నమాట.

కింద కామెంట్లలో ఒకరు కంగారుగా అడిగారు, బి12 విటమిన్‌లోనూ కోబాల్ట్ ఉందట కదా అని. ఉంది. అణువు నడిమధ్య ఒక్క కోబాల్ట్ పరమాణువు ఉంటుంది, కోబాలమిన్ పేరు అందుకే. అది మామూలు 59, టెన్షన్ అక్కర్లేదు. ఆ ఇంజెక్షన్ మందు ఎర్రగా ఉంటుంది చూడండి. ఈ లోహానికి రంగుల పిచ్చి: కోబాల్ట్ క్లోరైడ్ పొడిగా ఉంటే నీలం, తేమ తగిలితే గులాబీ.

ఇంకో సంగతి మరిచాను. ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో కోబాల్ట్ బదులు లీనియర్ యాక్సిలరేటర్ వచ్చింది. అందులో విద్యుత్తుతో ఎలక్ట్రాన్లను ఉరికించి లోహపు పలకకు కొట్టిస్తే ఎక్స్‌రేలు పుడతాయి. అక్కడ నిజంగానే కరెంటు పోతే కిరణాలూ పోతాయి. పెద్దమ్మ ప్రశ్నకు ఇప్పుడు నవ్వడానికి లేదు.