అప్‌డేట్: డెక్సా స్కాన్ (ఎముకల సాంద్రత కొలిచే ఎక్స్‌రే పరీక్ష) రిపోర్ట్ వచ్చింది
నెలసరి ఆగి మూడేళ్లయింది, కాలు జారి చెయ్యి ఆనించినంత మాత్రాన మణికట్టు విరిగింది, ఇది మామూలేనా అని అడిగాను కదా. మామూలు కాదట. నడుము దగ్గర టి-స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకలతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 2.7. మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారి సులువుగా విరిగే జబ్బు) కిందే లెక్క. నెలసరి ఆగి ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గాక మొదటి కొన్నేళ్లలోనే ఎముక వేగంగా అరుగుతుందని డాక్టర్ చెప్పారు. ఎత్తు కొలిస్తే రెండు సెంటీమీటర్లు తగ్గాను! ఎముక అరుగుతున్నా నొప్పేమీ లేదు, అందుకే తెలియలేదు.

విటమిన్ డి, థైరాయిడ్ పరీక్షలు కూడా చేశారు. ఎముక అరుగుదల తగ్గించడానికి వారానికొక అలెండ్రోనేట్ మాత్ర ఇచ్చారు. పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో వేసుకుని అరగంట నడుం వాల్చకూడదు. ఈ నియమమే నాకు కష్టం. నడకతో పాటు చిన్న బరువులెత్తడం ఫిజియోథెరపిస్ట్ నేర్పుతున్నారు. స్కాన్ చేయించుకోమని పోరిన అందరికీ థ్యాంక్స్. అక్కని కూడా పంపిస్తున్నాను.