భుజం పట్టేసింది, సుగరు కూడా ఉంది, ఇంట్లో ఎక్సర్‌సైజులు ఎలా చేస్తున్నారు?

అయ్యకోనేరు_గట్టు:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం, నాకు 49. సుగరొచ్చి ఎనిమిదేళ్లయింది. సంక్రాంతి దగ్గర్నుంచి కుడి భుజం పట్టేసింది, ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. జడ వేసుకోలేను, అటక మీద చోడిపిండి డబ్బా దించలేను, రాత్రి ఆ పక్కకి తిరిగితే ప్రాణం పోతాది. డాక్టరుగారు రోజుకి మూడుసార్లు చెయ్యమని ఎక్సర్‌సైజులు రాసిచ్చారు. అవి కష్టమైనవి కావు, ఇంట్లో వాటికి టైము దొరకడమే కష్టంగా ఉంది. ఐదింటికి కుళాయి, తర్వాత కేరేజీలు, అత్తమ్మకి టిఫిను, గోడ దగ్గర నిలబడ్డానంటే చాలు ఎవరో ఒకరు పిలుస్తారు. "ఇల్లు ఊడుస్తున్నావు, బట్టలుతుకుతున్నావు, ఇంకా ఎక్సర్‌సైజేటి" అంటారు అత్తమ్మ. కోపంతో కాదు, ఆవిడ నిజంగానే అలా అనుకుంటారు. మీరెలా నెట్టుకొస్తున్నారో చెప్పండి.

ఆమదాలవలస_అప్ప:
చెల్లీ, నాకూ ఇదే వచ్చింది, ఎడమ భుజం, తగ్గడానికి ఏడాదిన్నర పట్టింది. ఇంటిపని సంగతి చెప్తాను విను. ఊడ్చినప్పుడు చెయ్యి నడుము దగ్గరే ఆడతాది, పట్టేసిన చోటికి భుజం వెళ్లనే వెళ్లదు, పైగా మనకి తెలీకుండానే మంచిచేత్తో పని కానిచ్చేస్తాం. పనంతా చేసినా నా చెయ్యి అక్కడే ఉండిపోయింది అందుకే.

నేను విడిగా టైము వెతకడం మానేశాను. కుక్కరు పెట్టి మూడు విజిల్స్ వచ్చేలోపు గట్టు మీద మంచిచెయ్యి ఆనించి, కొంచెం వంగి, నొప్పిచెయ్యి వదిలేసి గడియారం లోలకంలాగ ఊపేదాన్ని, ఆనక చిన్న చిన్న సున్నాలు. వేణ్ణీళ్ల స్నానం అయ్యాక గోడ. వేళ్లు గోడ మీద చీమలాగ పాకించుకుంటా పైకి వెళ్లి, ఎక్కడ ఆగిపోతే అక్కడ పెన్సిల్ గీత, పక్కన తారీకు. మా గుమ్మం పక్కన పిల్లల ఎత్తు గీతలున్నాయి, వాటి పక్కనే నావి. మొదటిరోజు గీత స్విచ్‌బోర్డు కన్నా కిందే. వారానికి ఒక వేలు వెడల్పు పైకెళ్తే ఆరోజు కడుపు నిండిపోయేది. కొన్ని వారాలు అసలు కదల్లేదు, అప్పుడు ఏడుపొచ్చింది, అయినా మానలేదు.

నాగావళి_ఒడ్డు:
నాది భుజం కాదండి, గుండె. పోయినేడు స్టెంట్ వేశారు. మీ ఇంట్లో చెయ్యనివ్వడం లేదు, మా ఇంట్లో కదలనివ్వలేదు. బకెట్ ఎత్తితే మా ఆవిడ పరిగెత్తుకొచ్చేది, మెట్లెక్కుతుంటే వెనకాలే వచ్చేది, ఆమె భయం నాకు అర్థమయింది గాని అలా కూర్చుంటే కాళ్లు ఇంకా నీరసించిపోయాయి. చివరికి ఆమెని కూడా డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను, ఎంత నడవొచ్చో ఆయన నోటితోనే విన్నాక శాంతించింది. మొదట వరండాలో పది నిమిషాలు, పొద్దున్నా సాయంత్రం. మాట్లాడుతూ నడవగలగాలి, ఆయాసంతో మాట తెగిపోతుంటే వేగం తగ్గించాలి, అదే నా కొలత. ఇప్పుడు కోడి రామ్మూర్తి స్టేడియంలో ఇద్దరం వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున. డబ్ల్యూహెచ్ఓ వాళ్లు వారానికి 150 నిమిషాలు చెప్తారు, సరిగ్గా అంతే. మే నెలలో మాత్రం డాబా మీద, అదీ పొద్దుపోయాకే.

బొబ్బిలి_కోడలు:
అక్కా, మీ అత్తమ్మని కూడా చేర్చేయండి. మా అత్తకి మోకాళ్ల నొప్పులు, సీరియల్ చూస్తూ మంచం మీద కూర్చుని కాలు చాపి పైకెత్తి ఐదు లెక్కపెట్టి దించుతారు. ఇప్పుడు నేను మర్చిపోతే ఆవిడే గుర్తు చేస్తున్నారు.

ఫిజియో_చీపురుపల్లి:
నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి రెండు మూడు మాటలు. సుగరున్నవాళ్లకి భుజం పట్టెయ్యడం మామూలు వాళ్లకన్నా ఎక్కువ, తగ్గడానికీ ఎక్కువ రోజులు పడతాది, ఒక్కోసారి రెండుమూడేళ్లు, అంచేత కంగారు పడొద్దు. చేసేటప్పుడు లాగినట్టుంటే పరవాలేదు, ఆ రాత్రంతా సలుపుతుంటే మాత్రం ఎక్కువ చేశారన్నమాట, మర్నాడు తగ్గించండి. ఎవరిచేతా బలవంతంగా లాగించుకోవద్దు, అలా చేయించుకుని నా దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాళ్లున్నారు. భోంచేశాక పది పదిహేను నిమిషాలు నడిస్తే సుగరుకీ మంచిది. సుగరు మందులు వాడేవాళ్లకి సుగరు మరీ పడిపోయి ఒళ్లు వణికినా చెమటలు పట్టినా ఆగిపోయి వెంటనే పంచదార నోట్లో వేసుకోవాలి, చెంగున ముడేసి ఉంచుకోండి. ఇంక నొప్పి తగ్గాక బరువులు. "ఆడవాళ్లకి బరువులేటి" అని చాలామంది అడుగుతారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరిగారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోల బరువులెత్తి కాంస్యం తెచ్చారు, మన కొండవెలగాడలో ఆడపిల్లలు ఈరోజుకీ ఎత్తుతున్నారు. మీరు లీటరు నీళ్ల సీసాతో మొదలెట్టండి, చాలు.

అయ్యకోనేరు_గట్టు:
అప్పా, అందరికీ దండాలు. దసరా అయ్యాక రాస్తున్నాను, ఆలస్యమైంది. కుక్కరు పద్ధతే పట్టుకున్నాను, పొద్దున్న పప్పుకి, మాపు అన్నానికి, మూడోది పడుకునే ముందు. మూడునెలల సగటు చెప్పే సుగరు టెస్టు (HbA1c) 8.4 ఉండేది 7.6కి వచ్చింది. మొన్న మా ఊరి పైడితల్లమ్మ జాతర. పూజారి కూర్చునే పొడుగాటి మాను, సిరిమాను, మూడు లాంతర్ల కూడలి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతాది కదా, జనం దాని మీదకి అరటిపళ్లు విసిరి మొక్కుకుంటారు, పోయినేడు భుజం బాగున్నా జనంలోకి వెళ్లలేదు, ఈసారి పట్టుబట్టి వెళ్లాను. మొదటి రెండుసార్లూ మావారే అరటిపండు విసిరారు. మూడోసారి నేను కుడిచేత్తోనే విసిరాను, సిరిమాను దాకా వెళ్లలేదు గాని చెయ్యి చెవి దాటి లేచింది, పైడితల్లమ్మకి అక్కడే దండం పెట్టుకున్నాను. జడ ఇంకా రాలేదు, చెయ్యి వెనక్కి వెళ్లడానికి తువ్వాలు పట్టుకుని లాగుతున్నాను. మా గోడ మీద గీత ఇప్పుడు క్యాలెండర్ మేకు దగ్గరకొచ్చింది. రాత్రి పడుకోబోతుంటే "ఒలమ్మా, గీత గియ్యలేదు" అని అత్తమ్మ పెన్సిల్ పట్టుకుని పిలుస్తున్నారు.