లాగి పట్టిన అణువు ఎంజైము అసలు నడతను చెబుతుందా?

కావలి అధ్యాపకుడు:
2007లో జీవభౌతిక శాస్త్రవేత్త హులియో ఫెర్నాండెజ్ బృందం చేసిన ప్రయోగాన్ని మా బీఎస్సీ పిల్లలకు చెప్పినప్పుడల్లా నాకొక సందేహం మిగిలిపోతోంది. కండరాల్లోని టైటిన్ ప్రోటీన్ ముక్కలో ఒక డైసల్ఫైడ్ బంధాన్ని (రెండు గంధక పరమాణువుల మధ్య బంధం) అమర్చి, దాన్ని ఒక్కో అణువును పట్టి లాగగల అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు సూదిమొనకు తగిలించి, 25 నుంచి 600 పికోన్యూటన్ల (పికోన్యూటన్ అంటే న్యూటన్‌లో లక్ష కోట్లో వంతు) బలం దాకా లాగుతూ, థయోరెడాక్సిన్ అనే ఎంజైము ఆ బంధాన్ని ఎంత త్వరగా తెంచుతుందో కొలిచారు. కణంలో ఈ ఎంజైముకు దొరికే ప్రోటీన్లను ఎవరూ అలా బిగించి పట్టుకోరు. అక్కడ కనిపించింది ఎంజైము స్వభావమా, మనం పెట్టిన బలవంతమా?

ఒంగోలు పరిశోధక విద్యార్థిని:
సార్, బలవంతమే అయితే లాగేకొద్దీ బంధం తెగడం సులువు కావాలి. ఇలాంటి బంధాలను తెంచే డీటీటీ (డైథయోథ్రైటాల్) వంటి చిన్న రసాయనంతో జరిగేది అదే. థయోరెడాక్సిన్‌తో మాత్రం మొదట వేగం తగ్గుతుంది. కొత్తపట్నం ఒడ్డున వల బాగుచేసేవాళ్లు బిగుసుకున్న ముడిని విప్పేముందు తాడును రెండు వేళ్లతో లోపలికి నెట్టి సడలిస్తారు. ఎంజైము కూడా బంధాన్ని తన గాడిలో సరైన కోణానికి తిప్పుకోవాలంటే గొలుసును 0.79 ఆంగ్‌స్ట్రామ్ (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు) మేర కుదించుకోవాలి. 100 పికోన్యూటన్ల లాగుడుకు ఎదురుగా అంత కుదించడానికి అయ్యే పని దాదాపు 8 పికోన్యూటన్-నానోమీటర్లు, అంటే గది ఉష్ణోగ్రత దగ్గర అణువుల కుదుపుల్లో ఉండే ఉష్ణశక్తికి (kT) ఇంచుమించు రెట్టింపు. ఆ లెక్కన ఈ దారిలో వేగం ఏడో వంతుకు పడిపోతుంది. చర్య జరుగుతుండగానే పరమాణువు వెడల్పుకన్నా చిన్న కదలిక ఇలా చేతికి చిక్కడం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరించే సంగతి.

కావలి అధ్యాపకుడు:
తక్కువ బలాల దగ్గర నీ వాదన ఒప్పుకుంటానమ్మా. బలాన్ని బట్టి వేగం మారే గీతను అక్కడినుంచి సున్నా బలం దాకా పొడిగిస్తే సహజ స్థితికి దగ్గరగానే వస్తాం. బలం బాగా పెరిగాక కనిపించిన, లాగేకొద్దీ వేగం పెరిగే రెండో దారిని కూడా సహజమనడం మాత్రం తొందరపాటు. కణంలో అంత బిగువు ఎక్కడిది?

ఒంగోలు పరిశోధక విద్యార్థిని:
బిగువు లేకపోవచ్చు సార్. అయినా 2009లో ఇదే పద్ధతితో వేర్వేరు జీవుల థయోరెడాక్సిన్లను పోల్చినప్పుడు, తక్కువ బలం దగ్గర అన్నీ ఒకే తీరుగా నడిచాయి. ఎక్కువ బలం దగ్గర బ్యాక్టీరియావి ఒక దారి, నిజకేంద్రక జీవులవి (మొక్కలు, జంతువుల వంటివి) మరో దారి పట్టాయి. అది కేవలం లాగుడు తెచ్చిన వికారమైతే, ఒకే బంధాన్ని ఒకే బలంతో లాగినప్పుడు అన్నీ ఒకేలా లొంగాలి కదా. ఆ తేడా గాడి ఆకారంలోంచి వచ్చిందనే నా నమ్మకం.

కావలి అధ్యాపకుడు:
గాడి తేడా తెచ్చిందన్నది సరే; ఆ తేడా కణానికి పనికొస్తుందని అది చెప్పదు. గాడిలో ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి చూడాలి. లాగకుండా ద్రావణంలో కొలిచిన వేగమూ, లాగి కొలిచి సున్నాకు పొడిగించిన వేగమూ ఒకే దిశలో మారితే, నా అభ్యంతరాన్ని ఈ చర్చలోనే వెనక్కి తీసుకుంటాను.