మనం కట్టే పన్నుల్లో మన ఊరికి వచ్చేదెంత?

గోదారి గట్టు:
పోయిన నెల ఊళ్లో అయిదు సెంట్ల స్థలం కొన్నామండి, రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం కట్టించుకున్నారు. పెట్రోలు మీద పన్ను, సరుకుల మీద జీఎస్టీ సరేసరి. తీరా చూస్తే మా వీధి మురుగుకాలువ పూడిపోయి ఏడాది దాటింది, వానొస్తే నీళ్లన్నీ గుమ్మంలోకే. సర్పంచ్ గారిని అడిగితే పంచాయతీలో పైసా లేదంటారు. మరి మేం కట్టిందంతా ఎటుపోయినట్టు?

పాత కార్యదర్శి:
మీరు కట్టిన ఏడున్నరలో స్టాంపు డ్యూటీ 5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, ఈ రెండూ రాష్ట్ర ఖజానాకే. మిగిలిన ఒకటిన్నర బదిలీ సుంకం, అంటే ఆస్తి చేతులు మారినందుకు కట్టేది, అదీ స్థానిక సంస్థలకి రావాల్సింది. రావాల్సింది అన్నాను, గమనించండి. నేను ఉద్యోగంలో ఉండగా అది ఎప్పుడు జమ అవుతుందా అని ఎదురుచూడటమే సరిపోయేది. ఇక 2021 నుంచి 2026 మార్చి దాకా 15వ ఆర్థిక సంఘం కింద కేంద్రం పంచాయతీలకిచ్చే డబ్బులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలి, మిగతా 40 శాతం ఊరి అవసరాన్నిబట్టి వాడుకోవచ్చు గానీ జీతాలకి వాడకూడదు. మురుగునీటి పని పారిశుద్ధ్యం కిందకే వస్తుంది కాబట్టి ఆ డబ్బు ఏమైందో అడగండి. ఏపీలో కొన్నేళ్ల కిందట ఇదే డబ్బుని కరెంటు బకాయిల కింద సర్దేస్తే సర్పంచులు రోడ్డెక్కారు, గుర్తుందా?

లెక్కల మాస్టారు:
ఊరికి డబ్బు రావట్లేదంటే నేనొప్పుకోను. 400 మందికి వృద్ధాప్య పింఛను అనుకోండి, తలకి 4,000 చొప్పున నెలకి 16 లక్షలు, ఏడాదికి 1 కోటి 92 లక్షలు. మా టీచర్ల జీతాలు, ఆసుపత్రి ఖర్చు దీనికి అదనం. డబ్బు వస్తోంది, కాకపోతే పంచాయతీ గుమ్మం తొక్కకుండా వస్తోంది. అందులో ఒక్క రూపాయి కాలువకి మళ్లించే అధికారం గ్రామసభకి లేదు. అలాగని పింఛను తగ్గించి కాలువ తవ్విస్తానంటే ఎవరైనా ఓటేస్తారా, మీరైనా?

నల్గొండ పిలగాడు:
మీకు సర్పంచ్ అన్నా ఉన్నడు. మా దిక్కు 2024 ఫిబ్రవరిలో పదవీకాలం అయిపోతే 2025 డిసెంబరు దాకా ఎన్నికలే లేవు, అంతా ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేకుంటే ఆర్థిక సంఘం డబ్బు ఇయ్యరు కదా, బందయింది. మా ఊళ్లో చెత్త ట్రాక్టర్‌కు డీజిల్ కార్యదర్శి సొంత జేబుల నుంచి పోయించిండు పాపం.

గోదారి గట్టు:
మాస్టారూ, మా అమ్మకీ పింఛను వస్తుంది, ఆ మాట మీద నేనేం మాట్లాడను. పంచాయతీ లెక్కలు పెట్టే ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో మా పంచాయతీ ఖర్చులు చూశాను. బ్లీచింగ్, వీధిలైట్లు, పైపులైను రిపేరు. ఆ రిపేరు బిల్లే ఏడాదిలో నాలుగుసార్లు ఉంది! రేపు పొద్దున్నే సర్పంచ్ గారింటికి వెళ్తాను.

పాత కార్యదర్శి:
ఇంటికెళ్తే కాఫీ ఇచ్చి పంపిస్తారు. ఆ పేజీ ప్రింటు తీసుకుని గ్రామసభలో అడగండి, జవాబు తీర్మానాల పుస్తకంలో రాయించండి. నాలుగు బిల్లులకీ ఎం-బుక్, అదే చేసిన పని కొలతలు రాసే పుస్తకం, చూపించమనడం మర్చిపోకండి.