సమస్య: "ఇల్లు వెంట రాగ నేగె జంట"

నిర్వాహకుడు (అడిలైడ్):
మన "ఎర్రమట్టి" గారు, వారి శ్రీమతి కారుకి కారవాన్ తగిలించుకుని మొన్న పోర్ట్ అగస్టా దాటారు. గమ్యం డార్విన్. స్టువర్ట్ హైవే మీద సుమారు 2,700 కి.మీ. జూలైలో ఇక్కడ దక్షిణాన చలి ముదురుతుంది, ఉత్తరాన వానలు లేని వెచ్చని రోజులుంటాయి. అందుకే ఉద్యోగాలు అయిపోయిన జంటలు ఏటా ఇళ్లు లాక్కుంటూ పైకి పోతుంటాయి. వీళ్లని గ్రే నోమాడ్స్ అంటారు. తల నెరిసిన సంచారులన్నమాట.

ఈసారి సమస్య వాళ్ల మీదే. ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. యతి ఇ–ఏ. ముందు పాదం చివరను బట్టి "నిల్లు" అనో "యిల్లు" అనో మారితే సమస్య మారినట్టు కాదు. గడువు, వాళ్లు డార్విన్ చేరేదాకా.

ఒక్క మనవి. పుష్పక విమానంతో ఇప్పటికే మూడు పూరణలు వచ్చాయి. మూడూ పక్కన పెట్టాను. రోడ్డు మీద నడిచే ఇల్లు కావాలి.

నల్లేరు (గుంటూరు):
తెల్ల మంచు పఱచె దిశలెల్ల దుప్పటి
కోకిలమ్మ పాట గొంతులోనె
నిలిచె, శీతగాలి నిలువెల్ల వణికింప
నిల్లు వెంట రాగ నేగె జంట

నిర్వాహకుడు:
నల్లేరు గారూ, గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. "గొంతులోనె / నిలిచె" అని పాదం విరిచిన చోటు బాగుంది. కానీ ఈ పద్యం ఏ దేశంలోదో చెప్పండి? స్టువర్ట్ హైవే మీద దుప్పటి కప్పేంత మంచు పడదండీ. అది ఎడారి.

నల్లేరు:
కోకిల ఆస్ట్రేలియాలో కూడా ఉందని చదివానే!

మైలురాయి (బ్రిస్బేన్):
ఉందండీ, మా పెరట్లోనే కూస్తుంది. కాకపోతే సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది, మార్చి, ఏప్రిల్ నాటికి న్యూగినీ వైపు వెళ్లిపోతుంది. అంటే జూలైలో దాని పాట గొంతులో నిలవడం కాదు, గొంతే ఊళ్లో లేదు. పైగా మీరు వసంత రుతువు పక్షిని శిశిరంలో పెట్టి, అది పాడటం లేదని బాధపడుతున్నారు.

నల్లేరు:
సరే, ఒప్పుకున్నాను. మళ్లీ వస్తా.

మైలురాయి:
నత్తగుల్ల చూచి నవ్విన వారలే
నత్తలైరి నేడు నడకలోన
వెనుక లారి మోత వినిపింప బెదరక
యిల్లు వెంట రాగ నేగె జంట

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలు హాయిగా ఉన్నాయి. మూడో పాదం సంగతి ఎర్రమట్టి గారే చెప్పాలి.

ఎర్రమట్టి (కూబర్ పీడీ):
నెట్ ఇప్పుడే వచ్చింది. గ్లెండాంబో దాటాక ఇక్కడిదాకా సుమారు 250 కి.మీ. మధ్యలో పెట్రోలు బంకు లేదు. రోడ్డు పక్కన గద్దలు, రోడ్డు మీద మేము, అంతే.

మైలురాయి తమ్ముడూ, "బెదరక" అన్నావు చూడు, అది సోఫాలో కూర్చుని రాసిన మాట. ఇక్కడ వచ్చేది మామూలు లారీ కాదు, రోడ్ ట్రెయిన్. మూడు, నాలుగు ట్రెయిలర్లు, 53.5 మీటర్ల దాకా పొడవు. అది మనల్ని దాటేటప్పుడు ముందు గాలి మనల్ని పక్కకి నెడుతుంది, తర్వాత తనవైపు లాగుతుంది. వెనకాల ఇల్లు తోక ఊపినట్టు ఊగుతుంది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని మా ఆవిడ మాట్లాడటం మానేస్తుంది, నేను ఊపిరి మానేస్తాను. రేడియోలో 40వ ఛానెల్ పెట్టుకుంటే వెనక డ్రైవరు ముందే చెబుతాడు, మనం కాస్త వేగం తగ్గించి ఎడమకి ఒదిగి దారి ఇస్తాం. బెదరకపోతే తప్పు తమ్ముడూ.

మైలురాయి:
అయితే అన్నా, మీ మాటే తీసుకుంటున్నా. మూడో పాదం ఇలా: "వెనుక లారి మోత వినిపింప నొదుగుచు". తర్వాత "నిల్లు వెంట రాగ".

నిర్వాహకుడు:
"ఒదుగుచు" భలే పడింది. నత్తకి కూడా అదే గుణం కదా, ముడుచుకోవడం. మొదటి పాదానికీ మూడో పాదానికీ ఇప్పుడు చుట్టరికం కుదిరింది.

గరికపోచ (మెల్‌బోర్న్):
నిరుడు మేము మిల్డూరా మీదుగా సౌత్ ఆస్ట్రేలియాలోకి వెళ్లాం. యాంబా చెక్‌పోస్టులో పండ్ల ఈగ రాకుండా పళ్లు, కూరగాయలు తీయించేస్తారు. పులిహోరకని దాచిన నిమ్మకాయలు, ఒక సంచి టమాటాలు పోయాయి. తప్పు వాళ్లది కాదు, బోర్డులు కిలోమీటర్ల ముందు నుంచే ఉన్నాయి, నేనే చూళ్లేదు.

నిమ్మపండ్లు పెట్టె నింపగా, సరిహద్దు
దాటి పులుపు లేని దారిలోన
చింతపండు డబ్బ చెంతనే దాచుక
యిల్లు వెంట రాగ నేగె జంట

నిర్వాహకుడు:
అక్కా, దిద్దడానికి ఏమీ లేదు. "పులుపు లేని దారి" అని మీరు తప్ప ఎవరూ రాయలేరు.

తులసికోట (హైదరాబాద్):
మా అమ్మాయి వాళ్లు కారవాన్‌లో తిరిగిన వీడియోలు చూసి రాశాను. తప్పులుంటే మన్నించండి.

దక్షిణాన కిటికి దరి నెండ కాయగా
కాఫి కప్పు పొగలు కక్కుచుండ
చలిని దులిపి లేచి చక్రాల మీదనే
యిల్లు వెంట రాగ నేగె జంట

నల్లేరు:
ఇది అందరికన్నా బాగుంది. "చలిని దులిపి లేచి" అంటే దుప్పటి దులిపినట్టు కళ్లకి కట్టింది.

నిర్వాహకుడు:
నాకూ అలాగే అనిపించింది. "చక్రాల మీదనే యిల్లు" దగ్గర సమస్య దానంతటదే విడిపోయింది. అయితే అమ్మా, మొదటి మాటలోనే పెద్ద పొరపాటు ఉంది. ఇక్కడ చలికాలంలో దక్షిణపు కిటికీలో ఎండ పడదు.

తులసికోట:
అదేమిటి బాబూ? చలికాలంలో ఎండ దక్షిణంగానే కదా వాలుతుంది. మా ఇంట్లో వడియాలు దక్షిణపు డాబా మీదే పెడతాను.

నిర్వాహకుడు:
మీ డాబా భూమధ్యరేఖకి ఉత్తరాన ఉందమ్మా. మేము రేఖకి ఇవతల ఉన్నాం. జూన్, జూలైల్లో సూర్యుడు కర్కట రేఖ దరిదాపుల్లో, అంటే మీ నెత్తిన తిరుగుతుంటాడు. ఇక్కడి నుంచి చూస్తే మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరాన కిందుగా కనిపిస్తాడు. ఇక్కడ ఇల్లు కొనేవాళ్లు "ఉత్తరపు ఎండ వస్తుందా" అని అడిగి మరీ కొంటారు. మీకు దక్షిణాయనం వచ్చిందంటే ఎండ తగ్గుముఖం. మాకు అప్పుడే ఎండ ఇటు బయల్దేరినట్టు.

ఎర్రమట్టి:
నిజమమ్మా. ఉత్తరానికి తోలుతుంటే మధ్యాహ్నం ఎండ తిన్నగా ముఖాన కొడుతుంది. సాయంత్రం ఆగినప్పుడు పందిరి గుడ్డ ఉత్తరం వైపు పడేటట్టు బండి తిప్పి పెట్టుకుంటాం. మొదటి రోజు మన ఊరి లెక్కన దక్షిణానికి పెట్టాను. పొద్దున్న పక్క బండి వాళ్లు ఎండలో బనియన్లతో టీ తాగుతుంటే మేము నీడలో మంకీ క్యాప్‌లతో వణికాం.

తులసికోట:
అయితే నా పద్యాన్ని కూడా తిప్పి పెట్టాలన్నమాట. ఇది చూడండి:

ఉత్తరాన కిటికి నొరసి యెండలు కాయ
కాఫి కప్పు పొగలు కక్కుచుండ
చలిని దులిపి లేచి చక్రాల మీదనే
యిల్లు వెంట రాగ నేగె జంట

నిర్వాహకుడు:
ఉ–ఒ యతి చక్కగా కుదిరింది. పాతదానిలో "దరి" ఊరికే గణం కోసం వచ్చినట్టుండేది. "ఒరసి"లో ఎండ కదులుతోంది. తప్పు దిద్దబోతే పద్యమే బాగుపడింది.

ఎర్రమట్టి (ఆలిస్ స్ప్రింగ్స్):
అందరూ నా మీద రాస్తుంటే నేను ఊరుకోవడం బాగుండదు. నాకు ఛందస్సు రాదు. నిన్న రాత్రి సున్నా కిందికి దిగింది. పొద్దున్న జరిగింది రాశాను.

కుళాయి తిప్పితే నీళ్లు రాలేదు
గొట్టమంతా గడ్డకట్టిపోయింది
రాత్రి చెంబులో పట్టిన నీళ్లతో కాఫీ
ఇల్లు వెంట రాగ నేగె జంట

నల్లేరు:
అన్నగారూ, ఏమీ అనుకోకండి. ఇది పద్యం కాదు. మొదటి మాటే గణంలో ఇమడదు.

నిర్వాహకుడు:
పద్యం కాదు, నిజమే. కానీ ఈ వారం వచ్చినవాటిలో ఇంత కొత్త సరుకు ఇంకెక్కడా లేదు. చెంబు సంగతి కాస్త చెప్పండి.

ఎర్రమట్టి:
బయట కొళాయి నుంచి కారవాన్‌కి ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తాం. రాత్రి దాన్ని విప్పేసి నీళ్లు వొంపేయాలి. లేకపోతే లోపలే గడ్డకడుతుంది, ఎండ పడి కరిగేదాకా చుక్క రాదు. నేను విప్పడం మర్చిపోయాను. మా ఆవిడకి ఇంట్లో అలవాటు, పడుకునే ముందు రాగిచెంబు నింపి పెట్టుకుంటుంది. కాఫీ ఆ నీళ్లతోనే. "చూశావా" అని అనలేదు, అదే ఇబ్బంది.

నిర్వాహకుడు:
"కుళాయి" అంటే లఘువు, గురువు, లఘువు. ఆటవెలదిలో ఏ గణమూ లగంతో, అంటే లఘువు తర్వాత గురువుతో, మొదలవ్వదు కాబట్టి అది పాదం మొదట కూర్చోదు. కానీ దాని ముందు రెండు లఘువుల మాట పెట్టండి, "కు" ఆ గణంలోకి పోతుంది, "ళాయి" హాయిగా గలం, అంటే గురువు, లఘువు అవుతుంది. "చలి" అలాంటి మాటే. చలికు–ళాయి. మిగతాది మీరే అల్లండి.

ఎర్రమట్టి:
రెండు రోజులు బండి తోలుతూ వేళ్ల మీద లెక్కపెట్టాను. మా ఆవిడ చేత రాయించాను. రెండో పాదం తనదే.

చలి, కుళాయి గొంతు సడిలేక బిగియించె
రాత్రి పట్టినట్టి రాగిచెంబు
నీటి కాఫి తాగి నెమ్మదిన్ గదలుచు
నిల్లు వెంట రాగ నేగె జంట

నల్లేరు:
నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చ–స యతి కూడా పట్టేశారు!

నిర్వాహకుడు:
చలి గొంతు పట్టుకోవడం, అదీ సడి లేకుండా! నేను ఇందులో ఒక్క అక్షరం ముట్టుకోను. ఇక నాదీ ఒకటి. ఆలిస్ స్ప్రింగ్స్‌కి 30 కి.మీ. ఉత్తరాన మకర రేఖ గుర్తు నిలబెట్టి ఉంటుంది. జూలైలో అక్కడ రాత్రి 9 దాటాక జ్యేష్ఠా నక్షత్రం దాదాపు నడినెత్తిన ఉంటుంది. మన ఊళ్లో దక్షిణాన ఓ పక్కగా కనిపించే వృశ్చికం అక్కడ పందిరిలా నెత్తిన పరుచుకుంటుంది.

జ్యేష్ఠ తార వచ్చి శిరముపై నిలువగా
తెల్ల పాలపుంత తెరువు చూప
రాత్రి బండి తోలి రవికన్న ముందుగా
నిల్లు వెంట రాగ నేగె జంట

గరికపోచ:
"పుంత" విని మా అమ్మమ్మ ఊళ్లో బండ్ల బాట గుర్తొచ్చింది. పాలపుంతలో ఆ పుంత ఉందని ఇన్నాళ్లూ తట్టనేలేదు.

ఎర్రమట్టి:
సార్, పద్యం బాగుంది కానీ ఈ జంట డార్విన్ చేరదు. ఇక్కడ రాత్రి బండి ఎవరూ తోలరు. సందె చీకట్లోనూ తెల్లారగట్లా కంగారూలు రోడ్డెక్కుతాయి. కంచెలు లేని చోట్ల ఆవులు కూడా. పొద్దు వాలకముందే ఆగిపోవాలి, ఎండ బాగా వచ్చాకే కదలాలి.

తులసికోట:
నా ఎండ దిక్కు తప్పింది, మీ ఎండ వేళ తప్పింది బాబూ.

నిర్వాహకుడు:
బాగా దొరికిపోయాను. మూడో పాదం మారుస్తున్నా: "రాత్రి గడిపి లేచి రవి పైకి వచ్చాక". ఆ తర్వాత "యిల్లు వెంట రాగ". "వచ్చాక" వ్యావహారికమే. కంగారూల కోసం ఆ మాత్రం సడలింపు ఇవ్వండి.

నల్లేరు:
ఇన్ని రోజులూ మీ మాటలు చదివి మొదటి పద్యం కొట్టేశాను. నేను ఆ దారి చూడలేదు, మీరు చూసినదాన్ని నమ్మి రాస్తున్నాను.

నేల యెర్ర, గడ్డి నెరసిన దొకపూట
కోకిలమ్మ లేదు, కొమ్మ లేదు
నెరసినట్టి తలలు నిబ్బరముగ నూగ
నిల్లు వెంట రాగ నేగె జంట

మైలురాయి:
గడ్డి నెరసింది, తలలు నెరిశాయి! గడ్డి నెరుపు ఎండ రాగానే పోతుంది, తలలది పోదు. కోకిలని కూడా మర్యాదగా పంపించేశారు.

నిర్వాహకుడు:
గుంటూరులో కూర్చుని గడ్డి మీది మంచు పొరని "ఒకపూట" అన్నారు. దుప్పటి పోయి ఒకపూట మిగిలింది. నాకిది చాలు. మొదటి స్థానం రాగిచెంబుకీ దీనికీ కలిపి.

ఎర్రమట్టి (మటరాంకా):
ధన్యవాదాలు సార్. ఇక్కడి వేడినీళ్ల మడుగులో ఏ కాలమైనా 34 డిగ్రీలట, గంటసేపు మెడలదాకా కూర్చున్నాం. రాత్రి గొట్టం విప్పకుండా వదిలేశాను, పొద్దున్న తిప్పగానే నీళ్లు వచ్చాయి. మా ఆవిడ చెంబు మాత్రం నింపే ఉంచింది.